అరచేతి యంత్రంలో అమ్మనుడి: చదివే హక్కు, రాసే హక్కు

(హొసకోటెలో జరిగిన సరిహద్దు తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



హొసకోటె అంటే తెలుగులో కొత్తకోట. కోట ఒకటే, పేర్లు రెండు. ఇక్కడి నుండి తూర్పున కోలారు, ముళబాగిలు దాకా, ఉత్తరాన చింతామణి, బాగేపల్లి దాకా మన ఇళ్ళూ అటువంటివే. బడిలో కన్నడం, పొయ్యి దగ్గర తెలుగు, సంతలో రెండూ. ఇందులో ఎవరికీ చిన్నతనం లేదు. రెండు భాషలు వచ్చినవాడు రెండు చేతులున్నవాడు.

ఇటువంటి సభలలో నేను సాధారణంగా బడుల గురించీ, ప్రభుత్వ ఉత్తర్వుల గురించీ మాట్లాడుతుంటాను. ఈరోజు మీ జేబులో ఉన్న ఫోను గురించి మాట్లాడదలచాను. న్యాయవాదికి ఫోనులోని సాఫ్ట్‌వేరుతో ఏమి పని అని మీకు తోచవచ్చు. అందుకే ముందుగా ఒక కేసు సంగతి మనవి చేస్తాను. పేరు, ఊరు చెప్పను.

2011లో ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చారు. తన కాలంలో తెలుగు బడిలో ఐదవ తరగతి దాకా చదివిన మనిషి. తెలుగు చక్కగా చదువుతారు, కన్నడం మాట్లాడతారు గాని చదవలేరు. అన్న కొడుకులు భూమి పంపకపు కాగితం తెచ్చి, చదివి వినిపించి, సంతకం పెట్టమన్నారు. అనంతపురంలో చదువుకుంటున్న మనవరాలికి ఆ సంగతి తెలిసి ఫోనుకు తెలుగులో సందేశం పంపింది. ఆ ఫోనులో తెలుగు లేదు. అక్షరానికి ఒక ఖాళీ గడి చొప్పున గళ్ళు మాత్రమే కనిపించాయి. ఆయన మరునాడు సంతకం పెట్టారు. వారం తరువాత నా ముందు ఫోను పెట్టి, "లాయరు సారూ, పిల్ల ఏమో రాసింది, కాస్త చూసి చెప్పండి" అన్నారు. నాకూ గళ్ళే కనిపించాయి. మనవరాలికి ఫోను చేసి అడిగితే తెలిసింది: "తాతా, లాయరుకు చూపించకుండా సంతకం పెట్టొద్దు." ఆ సంతకం చెల్లదని నిరూపించడానికి మాకు నాలుగేళ్ళు పట్టింది.

చదువు వచ్చిన మనిషిని ఒక యంత్రం చదువు రానివాణ్ణి చేసింది. నా దృష్టిలో ఇది భాషాహక్కుల సమస్య.

మన రాజ్యాంగం 29వ అధికరణంలో, తమకంటూ ప్రత్యేకమైన భాష, లిపి, సంస్కృతి ఉన్న పౌరులకు వాటిని కాపాడుకొనే హక్కు ఉన్నదని చెబుతుంది. లిపి అన్న మాటను విడిగా పేర్కొన్నదని గమనించండి. 1956లో ఏడవ సవరణ ద్వారా చేరిన 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలంటుంది. 350-బి ఆ వర్గాల రక్షణలను పరిశీలించే ప్రత్యేకాధికారిని ఏర్పాటు చేసింది. అదే 1956 నాటి రక్షణల పత్రం, ఒక తాలూకాలోనో పురపాలికలోనో అల్పసంఖ్యాక భాషవారు 15 నుండి 20 శాతం ఉన్నచోట ప్రభుత్వ ప్రకటనలు, ఓటర్ల జాబితాలు, రేషను కార్డుల వంటివి ఆ భాషలో కూడా అచ్చువేయడం మేలని సూచించింది.

ఈ రక్షణలన్నీ కాగితం కాలానివి. నేడు రేషను సమాచారం, బ్యాంకు సందేశం, బడి కబురు అన్నీ అరచేతి వెడల్పు తెర మీదికి వచ్చాయి. కాగితం మీద మనం గెలుచుకున్న హక్కు తెర మీదికి దానంతట అది నడచిరాదు.

చట్టం ఊరకే కూర్చున్నదని కూడా అనలేను. 2016లో భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 16333, మూడవ భాగం అనే ప్రమాణాన్ని వెలువరించింది. కేంద్ర ప్రభుత్వం దానిని మన దేశంలో అమ్మే ఫోన్లకు తప్పనిసరి చేసింది. దాని ప్రకారం ప్రతి ఫోనులోనూ అధికార గుర్తింపు ఉన్న 22 భారతీయ భాషల సందేశాలు చదవడానికి వీలుండాలి. ఇది మంచి మాట. అయితే రాసే వసతి విషయంలో ఆ ప్రమాణం ఇంగ్లీషు, హిందీ, మరొక భారతీయ భాష ఉంటే చాలునంటుంది. ఆ మూడవ భాష ఏదన్నది తయారీదారు ఇష్టం. సరిహద్దు తెలుగు కుటుంబాన్ని తలచుకొని ఆ ఎంపిక చేసేవారు ఎవరుంటారు? చట్టం మనకు చదివే హక్కు ఇచ్చి, రాసే హక్కు దగ్గర ఆగింది. ఆ మిగిలిన సగం మనకు ఎక్కడ దొరుకుతుందన్నదే నా ఈనాటి ప్రసంగ విషయం.

అసలు ఫోన్లలోకి తెలుగు ఎలా వచ్చింది? బల్లమీది కంప్యూటర్ల కోసం తయారైన, అందరికీ తెరచి ఉన్న సాఫ్ట్‌వేరు నుండి వచ్చింది.

ఇంగ్లీషు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి నిలబడితే పని అయిపోతుంది. మన రాత అలా కాదు. "స్త్రీ" అని రాయాలంటే కంప్యూటరు లోపల ఆరు గుర్తులు వరుసగా ఉంటాయి: సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, ఈకార గుణింతం. ఆ ఆరింటినీ కలిపి, వత్తులను కిందా పక్కనా, గుణింతాన్ని పైనా చేర్చి ఒక్క అక్షరంగా కూర్చే యంత్రాంగం ఉండాలి. ఫాంటు ఒక్కటే ఉంటే చాలదు. లినక్స్ కంప్యూటర్లలో ఈ కూర్పు పనిని గ్నోమ్‌వారి ప్యాంగో, కేడీఈకి ఆధారమైన క్యూటీ అనే రెండు సాఫ్ట్‌వేర్లు చేసేవి. రెండింటి పనినీ ఒకచోట చేర్చాలన్న ప్రయత్నం నుండి హార్ఫ్‌బజ్ వచ్చింది. దానిని బెహదాద్ ఎస్ఫాబోద్ అనే ఇరాన్ మూలాల ఇంజనీరు కొత్తగా తిరగరాశారు. పేరు కూడా పారశీక మాటల నుండి వచ్చినదే. బల్లమీది తెరల కోసం పుట్టిన ఆ కూర్పుయంత్రం నేడు ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ, ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లలోనూ పనిచేస్తున్నది. ఆండ్రాయిడ్‌కు ఆధారమైన లినక్స్ కూడా 1991లో మామూలు కంప్యూటరు కోసమే మొదలైంది. తొలి ఆండ్రాయిడ్ ఫోను 2008లో వచ్చినా, తెలుగు, కన్నడం, మలయాళం ఆండ్రాయిడ్‌లో చేరింది 2012 నాటి 4.1 సంచికతో. మా పెద్దాయన సంతకం పెట్టిన మరుసటి సంవత్సరం.

పెద్ద యంత్రానికి రాసిన సాఫ్ట్‌వేరును చిన్న యంత్రానికి మలచడమంటే పెళ్ళి గుండిగలో వండే వంటను ప్రయాణపు టిఫిను డబ్బాలో సర్దడం వంటిది. ప్రాసెసరు వేరు, కాబట్టి సాఫ్ట్‌వేరును దానికి అర్థమయ్యే ఆదేశాలలోకి మళ్ళీ మార్చాలి. జ్ఞాపకశక్తి తక్కువ, కాబట్టి అవసరం లేని భాగాలను తీసివేయాలి. మౌసు, కీబోర్డు లేవు, కాబట్టి వేలితో తాకితే పనిచేసేలా తీర్చాలి. బ్యాటరీ చిన్నది, కాబట్టి పని లేనప్పుడు యంత్రం నిద్రపోవాలి. ఈ సర్దుబాటులో డబ్బాలో చోటు చాలనప్పుడు ముందుగా బయటకు పోయేది ఏది? లాభం తక్కువ తెచ్చే భాష. ఏది ఉంచాలో ఏది తీసేయాలో నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉన్నదన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఒక గొప్ప జవాబు ఇక్కడికి బస్సులో వెళ్ళి రాగల దూరంలోనే పుట్టింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు విజయ్ చంద్రు, స్వామి మనోహర్, రమేశ్ హరిహరన్, వి. వినయ్, ఎన్‌కోర్ సంస్థకు చెందిన వినయ్ దేశ్‌పాండే తదితరులు కలిసి 1999లో సింప్యూటర్ ట్రస్టును నెలకొల్పారు. 2001లో తమ యంత్రాన్ని లోకానికి చూపించారు. అరచేతిలో ఇమిడే కంప్యూటరు. 240 చుక్కల వెడల్పు, 320 చుక్కల ఎత్తు ఉన్న తెర. దానిమీద వేలితోనో పుల్లతోనో తాకితే చాలు. లోపల స్ట్రాంగ్‌ఆర్మ్ ప్రాసెసరు, దానికి తగినట్లు మలచిన లినక్స్. ఐఫోను రావడానికి ఆరేళ్ళ ముందటి మాట ఇది.

ఒక్కొక్కరు ఒక్కో యంత్రం కొనలేరని వారికి తెలుసు. అందుకే ఒక ఊరంతా ఒకే యంత్రాన్ని వాడుకొని, ఎవరి వివరాలు వారి స్మార్ట్ కార్డులో దాచుకొనే ఏర్పాటు చేశారు. చదువు రానివారి కోసం రాతను భారతీయ భాషలలో పైకి చదివే సాఫ్ట్‌వేరును చేర్చారు. సాఫ్ట్‌వేరుకే కాక యంత్రపు నమూనాకు కూడా సింప్యూటర్ జనరల్ పబ్లిక్ లైసెన్సు రూపొందించారు. నమూనాను బాగుచేసినవారు ఆ బాగును తిరిగి అందరికీ అందించాలన్నది దాని ఉద్దేశం. 2004లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ తయారీలో అమిడా సింప్యూటర్ బజారులోకి వచ్చింది.

ఆ యంత్రం నిలబడలేదు. ఆశించినన్ని అమ్ముడుపోలేదు. ధర పది వేల రూపాయల దగ్గర మొదలయింది. అది పల్లెకు బరువు. ఈలోగా చౌక సెల్‌ఫోన్లు ఊరూరా చేరాయి. ఈ ఓటమిని దాచి పొగడ్తలు చెప్పడం నా ఉద్దేశం కాదు. అయితే తరువాత జరిగినది చూడండి. ఆ యంత్రం కోసం రమేశ్ హరిహరన్ చేపట్టిన "ధ్వని" అనే పఠన సాఫ్ట్‌వేరు యంత్రంతోపాటు అంతరించలేదు. దాని మూలరచన అందరికీ తెరచి ఉండడంవల్ల కేరళకు చెందిన సంతోష్ తొట్టింగల్ వంటివారు దానిని తీసుకొని, మామూలు లినక్స్ కంప్యూటర్లలో పనిచేసేలా పెంచి, మరిన్ని భాషలు చేర్చారు. వాటిలో తెలుగు కూడా ఉన్నది. యంత్రం పోయింది, విత్తనం మిగిలింది. మూసిన పెట్టెలో ఉంచి అమ్మి ఉంటే రెండూ పోయేవి.

పోలిక కోసం మరొకటి చెబుతాను. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" అక్షరం ప్రపంచ వార్త అయింది. లోపలి గుర్తులు ఒక ప్రత్యేకమైన వరుసలో వచ్చిన ఆ అక్షరం తెరమీదికి రాగానే ఐఫోన్లలోని అప్లికేషన్లు కుప్పకూలాయి. ఆపిల్ సంస్థ కొద్ది రోజులలోనే, ఆ నెల 19న, సవరణ విడుదల చేసింది. తప్పులు అందరి సాఫ్ట్‌వేరులోనూ ఉంటాయి. తెరచి ఉన్నదానిలోనూ ఉంటాయి. తేడా ఒక్కటే. అక్కడ సవరించగలిగినది ఆ ఒక్క సంస్థే. లోకమంతా నవ్వింది కాబట్టి త్వరగా సవరించారు. అదే లోపం హొసకోటె తాలూకాలోని నలభై ఇళ్ళకు మాత్రమే తగిలి ఉంటే మన వంతు ఎప్పుడు వచ్చేది?

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది కాబట్టి మంచిదని చాలామంది అనుకుంటారు. ఉచితం చిన్న సంగతి. దాని లైసెన్సు మనకు నాలుగు హక్కులు రాసి ఇస్తుంది: ఏ పనికైనా వాడుకోవడం, లోపల ఎలా పనిచేస్తున్నదో చదివి మార్చుకోవడం, నకళ్ళు పంచడం, మార్చినదానిని కూడా పంచడం. ఇవి న్యాయస్థానంలో నిలిచే హక్కులు. ఇంటర్నెట్ రౌటరు వంటి చిన్న పరికరాలలో లినక్స్ భాగాలను వాడుకొని లైసెన్సు షరతులు పాటించని ఒక తయారీదారుపై హెరాల్డ్ వెల్టే అనే ప్రోగ్రామరు జర్మనీలో దావా వేశారు. 2004లో మ్యూనిక్ న్యాయస్థానం ఆ లైసెన్సు షరతులు చెల్లుతాయని తీర్పు చెప్పింది. కొందరు తయారీదారులు మూలరచన ఇచ్చినట్టే ఇచ్చి, మార్చిన సాఫ్ట్‌వేరు ఆ పరికరంలో నడవకుండా తాళం వేయసాగారు. 2007లో వచ్చిన జీపీఎల్ మూడవ సంచిక వినియోగదారులకు అమ్మే పరికరాల విషయంలో అటువంటి తాళాన్ని నిషేధించింది. పొలం పట్టా చేతికిచ్చి దారికి కంచె వేయడం మన ఊళ్ళలో తెలియని పని కాదు కదా.

ఇక మన ఇళ్ళకు వద్దాం. మన పిల్లలలో చాలామంది తెలుగు మాట్లాడతారు, కన్నడ లిపి మాత్రమే చదువుతారు. అవ్వాతాతలు కొందరు తెలుగు లిపి మాత్రమే చదువుతారు. ఇది ఈనాటి సంగతి కాదు. పక్కనే చింతామణి తాలూకాలోని కైవారం తాతయ్య, యోగి నారేయణులు, తెలుగులోనూ కన్నడంలోనూ రచించారు. ఆ తెలుగు పదాలను కన్నడ లిపిలో చూసి పాడుకొనే ఇళ్ళు మనకు తెలుసు. భాష ఒకటి, లిపి మరొకటి అయిన మన కుటుంబాలకు పనికివచ్చే ఒక విశేషం యూనికోడ్‌లో ఉన్నది.

ప్రపంచ లిపులన్నింటికీ సంఖ్యలు ఇచ్చిన ఆ ప్రమాణంలో తెలుగుకు 128 స్థానాలు, వెంటనే దాని పక్కన కన్నడానికి 128 స్థానాలు ఉన్నాయి. రెండు లిపుల అక్షరాలనూ ఒకే వరుసలో అమర్చారు. తెలుగు కకారం సంఖ్య 3093. కన్నడ కకారం సంఖ్య 3221. తేడా సరిగ్గా 128. మిగిలిన అక్షరాలూ దాదాపుగా అంతే. అంటే మనవడు కన్నడ లిపిలో రాసిన తెలుగు సందేశాన్ని అవ్వకు తెలుగు లిపిలో చూపించాలంటే ప్రతి సంఖ్య నుండి 128 తీసివేస్తే చాలు. ఇంజనీరింగు మొదటి సంవత్సరం విద్యార్థి ఒక సాయంకాలంలో రాయగల ప్రోగ్రాము ఇది. దానిని ఫోనులోని సందేశాల అప్లికేషనులోనే ఇమడ్చాలంటే మాత్రం ఆ అప్లికేషను తెరచి ఉన్నదై ఉండాలి. అవ్వకూ మనవడికీ మధ్య ఉన్న గోడ మందం 128 అన్న ఒక్క సంఖ్య. తలుపు తాళం మన దగ్గర ఉన్నదా లేదా అన్నదే విషయం.

రాసే హక్కుకు కూడా దారి ఉన్నది. కేరళలోని స్వతంత్ర మలయాళ కంప్యూటింగ్ బృందం, ఆండ్రాయిడ్‌లో తెరచి ఉన్న కీబోర్డును ఆధారం చేసుకొని ఇండిక్ కీబోర్డును తయారుచేసింది. మలయాళీలు తమ కోసం మొదలుపెట్టిన పనిలో తెలుగు, కన్నడం కూడా ఉన్నాయి. అందులో ఇన్‌స్క్రిప్ట్ అమరిక ఒకటి. కంప్యూటర్ల కోసం ప్రభుత్వం ఎన్నడో రూపొందించిన ఆ అమరికలో అన్ని భారతీయ లిపులకూ కకారం ఒకే మీట మీద ఉంటుంది. కన్నడంలో ఆ అమరిక నేర్చిన పిల్లవాడి వేళ్ళకు తెలుగు వచ్చేసినట్టే. మీటలు చూసి అక్షరాలు గుర్తుపట్టడమే మిగులుతుంది.

బడుల మాట కూడా చెప్పాలి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలయింది. ఇంటర్నెట్ లేకుండా వికీపీడియా చదువుకొనేందుకు 2007లో కంప్యూటర్ల కోసం మొదలైన కివిక్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు నేడు ఫోన్లలోనూ, రాస్ప్‌బెరీ పై అనే అరచేతి బోర్డులోనూ నడుస్తుంది. తెలుగు పంతులు బదిలీ అయి, తెలుగు పుస్తకాలు రాని సరిహద్దు బడిలో ఆ చిన్న బోర్డును పెడితే చుట్టూ ఉన్న ఫోన్లన్నింటికీ ఒక తెలుగు గ్రంథాలయం అందుతుంది. అది పంతులుకు బదులు కాదు. పంతులును అడగడం మనం మానకూడదు. 350-ఎ అధికరణం యంత్రాన్ని చూపించి తప్పించుకోవడానికి ఇచ్చినది కాదు.

కన్నడ సోదరులు దీనిని తమకు వ్యతిరేకమని అనుకుంటారా అని కొందరు నన్ను అడిగారు. 2012లో ఆండ్రాయిడ్‌లోకి తెలుగూ కన్నడమూ ఒకే సంచికలో వచ్చాయి. వత్తులూ గుణింతాలూ కూర్చే హార్ఫ్‌బజ్ రెండింటికీ ఒకటే. తెలుగు కోసం మనం ఒక లోపం సరిచేస్తే అదే లోపం కన్నడానికి సరిచేయడం సులువవుతుంది. రేపు అనంతపురం జిల్లాలోని కన్నడ కుటుంబానికి ఈ పనే అక్కరకు వస్తుంది.

చివరగా మీకు నాలుగు విన్నపాలు. ఒకటి: ఫోను కొనేటప్పుడు దుకాణంలోనే తెలుగులో ఒక సందేశం రాసి చూడండి. రాయడానికి వీలు లేకపోతే అడగండి, చదవడానికీ వీలు లేకపోతే ఐఎస్ 16333 పేరు చెప్పి నిలదీయండి. రెండు: ప్రభుత్వ అవసరాలకు తెరచి ఉన్న సాఫ్ట్‌వేరును ముందుగా పరిశీలించాలని 2015లో కేంద్ర ప్రభుత్వం విధానం ప్రకటించింది. మీ ఊరికి వచ్చే కేంద్ర పథకాల యంత్రాలలో తెలుగును చేర్చడానికి వీలైన సాఫ్ట్‌వేరు ఉండాలని రాతపూర్వకంగా కోరండి. ఆ అర్జీ రాసిపెట్టడం నా పని. మూడు: బెంగళూరు కంపెనీలలో పనిచేస్తున్న మన పిల్లలు వారానికి ఒక గంట ఈ పనికి ఇవ్వాలి. మన సరిహద్దు మాటలను తెలుగు విక్షనరీలో చేర్చడం దగ్గర మొదలుపెట్టవచ్చు. నాలుగు: ఈ రాత్రి ఇంట్లోవారికి ఒక సందేశం తెలుగులో పంపండి.

మా పెద్దాయన సంగతి ముగించాలి. కేసు గెలిచాక మనవరాలు ఆయనకు తెలుగు కనిపించే ఫోను కొనిపెట్టింది. రోజూ రాసేది. ఆయన కళ్ళజోడు పెట్టుకొని అక్షరం అక్షరం చదువుకొనేవారు. ఆ ఫోనులో తెలుగు రాయడానికి వీలు లేకపోయింది. అందుకని రోజూ ఫోను చేసి, "చదివినాను లేమ్మా" అని చెప్పేవారు. ఆయన చేతిరాతలో అచ్చమైన తెలుగు ఉండేదని నాకు తెలుసు, వకాలత్ మీద ఆయన సంతకం చూశాను. ఆయన ఇప్పుడు లేరు. మనవరాలి ఫోనులో తాతకు తాను రాసినవన్నీ ఉన్నాయి. తాత రాసినది ఒక్క అక్షరమైనా లేదు.

మన ఇళ్ళలో ఇంకా ఉన్న పెద్దల విషయంలో అలా జరగనివ్వవద్దని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.